సింగరాచార్యుల గుట్టు యంత్రం

చిత్రగిరిని ఏలే కొమ్మభూపాలులవారికి ఉన్నట్టుండి ఉత్తరాలంటే అనుమానం పుట్టుకొచ్చింది. తన మాట దారిలో ఎవరు విప్పి చదివినా అర్థం కాకూడదన్నారు. అర్థం కాకుండా చేయడంలో సింగరాచార్యులను మించినవారు కొలువులో లేరు.

ఆయన ఇత్తడి చక్రాలతో జంట యంత్రాలు చేయించారు. ఒకదాని పిడి తిప్పితే మాట గజిబిజి అక్షరాలైపోతుంది. వాటిని రెండోదానిలో పెట్టి తిప్పితే మళ్లీ మాటవుతుంది.

అతిథి ఎవరొచ్చినా ఆచార్యులు "కొమ్మభూపాలునికి జయము" అని పంపేవారు. అటునుంచి పొల్లుపోకుండా అదే వచ్చేది. ఆరు నెలలు ఆ జయం విని విని రాజుగారికి యంత్రం మీద భక్తి కుదిరింది. రెండోదాన్ని సరిహద్దు కోటకు పంపించేశారు.

మొదటి అసలు ఉత్తర్వు, దొంగలొస్తున్నారు, కోట తలుపులు మూయండని. కోట లేఖకుడు మాచన యంత్రం తిప్పితే తలాతోకా లేని ముక్కలు రాలాయి. తలుపులు తెరిచే ఉండిపోయాయి. దొంగలు గుర్రాలను తోలుకుపోయారు.

మాచననూ రెండో యంత్రాన్నీ కొలువుకు రప్పించారు. ఆచార్యులు మళ్లీ జయం పంపి చూపించారు. చక్కగా వచ్చింది. యంత్రం తప్పు చెయ్యదని, తిప్పిన చెయ్యే తప్పు చేసిందని తేల్చేశారు. మాచన కుడి బొటనవేలు తీసెయ్యమని తీర్పయింది.

రాజుగారి పక్కన తాంబూలపు పెట్టె పట్టుకుని నిలబడే తిప్పక్క ఈ మాచనకు సొంత అక్క. గజిబిజి అక్షరాల్లో తప్పేదో ఒప్పేదో బ్రహ్మకైనా తెలియదు, నిజమే. కానీ ఇన్నాళ్లలో ఆ యంత్రం నోట ఇంకో మాట విన్న గుర్తు ఆమెకు లేదు. మనసులో నరసింహస్వామికి దండం పెట్టుకుని, ఆకులు చుట్టి అందిస్తూ మెల్లగా అంది.

"దేవరా, తీర్పయింది, ఇక ఆచార్యులవారికి సన్మానం జరగాలి కదా. కాలికి గండపెండేరం తొడగమని వారి యంత్రంలోనే పంపిద్దాం. పక్కగదిలో రెండో యంత్రం దగ్గర తలారి కత్తితో సిద్ధంగానే ఉన్నాడు. ఏ మాట వస్తే ఆ మాట చేసేస్తాడు."

రాజుగారికి ముచ్చటేసింది. ఆచార్యులు మాత్రం పిడి మీద చెయ్యి వేసి ఆగిపోయారు. సన్మానాలకు తొందరేముందన్నారు. ఇవాళ మంచిరోజు కాదన్నారు. కాలు వెనక్కి లాక్కుంటూ చివరికి అసలు మాట అనేశారు.

"ఆ ఒక్క ఉత్తర్వూ చేత్తో రాసి పంపితే బాగుంటుంది మహాప్రభూ."

ఎందుకని రాజుగారు గుచ్చి అడిగారు. మూడో చక్రానికి మొదటినుంచీ ఒక పన్ను విరిగి ఉందని, జయం పంపితే ఆ పన్ను జోలికి పోనక్కర్లేదని ఆచార్యులు నీళ్లు నములుతూ ఒప్పుకున్నారు.

తిప్పక్క తల వంచుకునే అంది.

"యంత్రాన్ని ఏమీ అనకండి దేవరా. దానికి 'ఏలినవారికి జయము' అనడం ఒక్కటే వచ్చు పాపం. ఈ కొలువులో మిగతావాళ్లకి వచ్చింది మాత్రం ఎంత?"

సభ యావత్తూ రాజుగారి మొహం చూసింది. ఆయన పెదవి కదిలేదాకా ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన పకపకా నవ్వాక ఆపుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఆ సందడిలో మాచన సంకెళ్లు ఊడిన చప్పుడు కూడా వినపడలేదు. రాజుగారు మెడలోని ముత్యాలహారం తీసి తిప్పక్క చేతిలో పెట్టి, ఇకమీదట పొగడ్త కాని మాటలన్నీ పెట్టి యంత్రాన్ని పరీక్షించే పని నీదేనన్నారు.