ఒక కడుపు, మూడు అబద్ధాలు

మూడిళ్ళలో మూడు అబద్ధాలు చెప్పిన వకుళ మర్నాడు పొద్దున్నే సంత మధ్యలో దొరికిపోయింది.

వకుళ చీరాల దగ్గర ఒక నేత సంఘంలో రంగుల పని చూసేది. పనిలో గట్టిది. లోపమల్లా ఒకటే. ఎవరికైనా కాదని చెప్పాల్సి వస్తే ఒక చిన్న అబద్ధమాడి గట్టెక్కేది. ఎవరినీ నొప్పించకపోవడం తన గుణమని చెప్పుకునేది కూడా.

సంఘం నేసిన ఎర్రంచు చీరలు రెండు ఉతుకులకే వెలిసి తిరిగొస్తున్నాయి. వెలవని ఎరుపు పెరూ దేశపు కొండపల్లెల్లో తీస్తారని తెలిసింది. అది నేర్చుకు రాకపోతే నలభై మగ్గాలు ఆగిపోతాయి. వకుళ ఆర్నెల్లు పట్టుబట్టి స్పానిష్ నేర్చుకుని, తొమ్మిది రోజుల వ్యవధితో బయల్దేరింది.

ఆమె వెళ్ళిన పల్లెలో ముప్పై గడపలు ఉండేవి. అక్కడ ముందు ఇంటికి వెళ్ళాలి, కూర్చోవాలి, పెట్టింది తినాలి. పని మాట ఆ తరవాతే. గౌరవించాల్సిన మనిషి వస్తే కూయ్ వండేవారు. కూయ్ అంటే చిన్న కుందేలంత జంతువు. వంటింటి మూలనే పెంచుతారు. వకుళ పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు.

మొదటి రోజు పొద్దున రుఫీనా ఇంట్లో పళ్ళెం ముందుకు రాగానే, "కడుపు బాగోలేదు" అంది. మధ్యాహ్నం బెనితా ఇంట్లో, "ఈరోజు నాకు ఉపవాసం" అంది. సాయంత్రం రంగులు తీసే హసింతా ఇంటికి వెళ్ళింది. ఎరుపు తెలిసిన ముసలమ్మ ఆవిడే. అక్కడ, "ఇప్పుడే బెనితా ఇంట్లో కడుపునిండా తినొచ్చాను" అంది.

మర్నాడు సంత. రుఫీనా ఎక్కడెక్కడో వెతికి తెచ్చిన ఆకుల కట్ట పట్టుకుని ఎదురొచ్చింది.

"మరిగించి తాగు, కడుపునొప్పి ఇట్టే పోతుంది" అంది.

"నొప్పేమిటి? నిన్న ఆవిడ ఉపవాసం కదా!" అంది పక్కనే ఉల్లిపాయలు బేరమాడుతున్న బెనితా.

"ఉపవాసమా? నీ ఇంట్లో సుష్టుగా తిన్నానందే నాతో!" అంది బుట్ట పట్టుకుని అటే వచ్చిన హసింతా.

ముగ్గురూ వకుళ వైపు తిరిగారు.

"ఒక్క కడుపుకి ఇన్ని కథలా సెన్యోరా? లోపల ఎంతమంది కాపురముంటున్నారు?" అంది రుఫీనా. సంతంతా నవ్వింది.

బెనితా నవ్వలేదు. "ఊరి పండక్కని దాచుకున్న కూయ్‌ని నీకోసం కోశాను" అంది.

హసింతా బుట్ట నెత్తికెత్తుకుంది. "సొంత కడుపు గురించే నిజం చెప్పని మనిషి, రేపు నా రంగు గురించి నలుగురికి ఏం చెబుతుందో! నా గడప ఎక్కొద్దు" అని వెళ్ళిపోయింది.

ఆ రోజు, ఆ మర్నాడు ఏ తలుపూ తెరుచుకోలేదు. డాక్టరు మాంసం మానమన్నాడని చెబితే సరిపోతుందనుకుంది వకుళ. వెంటనే తన మీద తనకే కోపం వచ్చింది. అది నాలుగో అబద్ధం అవుతుంది, అంతే. నాలుగో రోజు లేచి, అబద్ధాలు చెప్పిన వరసలోనే ఇళ్ళకు బయల్దేరింది.

"నేను మాంసం తినను. చెబితే మీ వంటని చిన్నచూపు చూశాననుకుంటారని భయపడ్డాను. అబద్ధం చెప్పాను. తప్పు నాది" అంది రుఫీనాతో.

రుఫీనా కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఈ ముక్క ముందే చెబితే బంగాళాదుంపలు ఉడకేసేదాన్ని కదే పిచ్చిదానా! మా చేలో పద్నాలుగు రకాలున్నాయి!"

బెనితా గుమ్మంలో నిలబడే అంతా విన్నది. "విన్నాను" అని తలుపు వేసుకుంది. వకుళ అక్కణ్ణించి హసింతా ఇంటికి నడిచింది.

గడప బయటే నిలబడి అదే నిజం చెప్పింది. హసింతా విని పెరట్లోకి దారితీసింది. నాగజెముడు ఆకు మీంచి బూడిదరంగు పురుగులు నాలుగు గీకి వకుళ అరచేతిలో పోసింది. "వేళ్ళతో నలిపెయ్యి. ఎరుపు అందులోనే ఉంది" అంది.

పురుగులు కదులుతున్నాయి. వేలు బెణికిందన్న మాట వకుళ నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ప్రాణమున్నవాటిని నలపడానికి నాకు చెయ్యి రావడంలేదు. కానీ ఈ ఎరుపు నాకు కావాలి. పొమ్మంటే పోతాను."

"ఎండబెట్టినవి నూరతావా?"

"నూరతాను."

"చచ్చినవాటితో పేచీ లేదన్నమాట!"

"ఉంది. అయినా నూరతాను."

ముసలమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. "ఇప్పటికి ఒక నిజం వచ్చింది నోట్లోంచి. కూర్చో" అని నూరుడు బండ ముందుకు తోసింది.

మిగిలిన అయిదు రోజులూ వకుళ నూరింది, పటిక వేసి కాచింది, నూలు ముంచి ఆరేసింది. ఎరుపు చేతికొచ్చింది. అదే పురుగుతో తీసే ఊదా రంగు నేర్చుకోవడానికి మాత్రం రోజులు చాల్లేదు. అబద్ధాలు తినేసిన రెండు రోజులూ ఉంటే అదీ వచ్చేది. బెనితా చివరిదాకా తలుపు తీయలేదు.

వకుళ ఎండు పురుగులతో తిరిగొచ్చాక, చీరాలలో కొత్త ఎర్రంచు చీరలు మగ్గం దిగాయి. ఎన్ని ఉతుకులైనా వెలవలేదు. ప్రదర్శనకు బయల్దేరేముందు సంఘం పెద్ద కోటయ్య గొంతు తగ్గించి అన్నాడు: "పురుగుల రంగని బయట అనకమ్మా. పూల రంగు అనేద్దాం. వినేవాళ్ళకీ బాగుంటుంది."

"లేదు కోటయ్య గారూ. అడిగినా అడక్కపోయినా పురుగనే చెబుతాను. వద్దనుకునేవాళ్ళకి పసుపంచువి చూపిద్దాం" అంది వకుళ.

చెప్పింది కూడా. మొదటి పూట ముగ్గురు చీర మడిచి పక్కన పెట్టేశారు. కోటయ్య నెత్తి కొట్టుకున్నాడు. నాలుగో ఆవిడ చీర చేతిలోకి తీసుకోగానే వకుళ అదే మాట, అదే గొంతుతో చెప్పింది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "చెప్పారు కాబట్టి తీసుకుంటున్నాను" అంది. తరవాత ఏ ఊళ్ళో ప్రదర్శన పెట్టినా, ఎందరు చీర వెనక్కిచ్చినా, వకుళ ఆ మాట చెప్పకుండా ఒక్క ఎర్రంచు చీర కూడా అమ్మలేదు.

నొప్పించకూడదని చెప్పే అబద్ధం చివరికి రెండింతలు నొప్పిస్తుంది. కాదనాల్సిన చోట నిజం చెప్పి కాదనడమే ఎదుటి మనిషికిచ్చే మర్యాద.