రాణి లేని కుండ

రాణిగారు కన్నుమూసినప్పటి నుంచి ఆ రాజు కొలువు తీర్చలేదు. ఆవిడకు ఇష్టమని పచ్చపిట్టల జోలికి ఎవరూ పోకూడదని మాత్రం చాటింపు వేయించాడు. ఆ పిట్టలు తేనెటీగలను గాలిలోనే ముక్కున కరుచుకుపోతాయి. కుండల్లో ఈగలను పెంచుకునే ఈరమ్మ చేతిలో కర్ర ఉండీ చూస్తూ కూర్చుంది.

రాణిగారి సంవత్సరీకానికి తేనె రాలేదని ఈరమ్మను పిలిపించారు. మిగిలిన ఒక్క కుండనూ చంకనెత్తుకుని వచ్చి ఆమె రాజు ముందు దించింది.

"ఈగలున్నాయిగా, తేనె ఏది?" అన్నాడు రాజు.

"కొత్త రాణీగ తొలిసారి బయటికి ఎగిరింది దొరా. పిట్ట ఎత్తుకుపోయింది. ఇక వీటికి పని మీద మనసు లేదు."

"ఒక్క రాణి పోతే కాపురమంతా పడకేస్తుందా?"

ఈరమ్మ తల వంచుకుంది. "ఆ సంగతి తమకంటే నాకేం తెలుసు దొరా."

"పిట్టలను కొట్టించమంటావా?" అన్నాడు రాజు.

"పోయింది తిరిగి రాదుగా దొరా."

"మరి వీటి గతి?"

"గూట్లో పసిబిడ్డ ఉంటే దాన్నే మేపి, రాణిని చేసుకుని మళ్ళీ లేస్తాయి. వీటికి బిడ్డ లేదు. ఒక్కొక్కటే రాలిపోతాయి." కుండ ఎత్తుకుంటూ మెల్లగా అడిగింది. "పాపగారు బాగున్నారా దొరా?"

తల్లి పోయిన నాటి నుంచి రాజు ఆ పాప ముఖం చూడలేదు.

ఈరమ్మ కోట వాకిలి దాటేసరికి లోపల పసిపాప ఏడుపూ, ఊరుకోబెట్టడం చేతకాని మగగొంతూ వినిపించాయి. ఆమె చంకలోని కుండలో మాత్రం రొద సన్నగిల్లుతోంది.