వియ్యపురాలికి చలి పెట్టిన ఇల్లు

అనగా అనగా, కుంపటి కూడా కంబళి కప్పుకుంటే బాగుండుననుకునేంత చలి పుట్టే ఒక కొండ ఊరు. పేరు మంచుకోన. ఆ ఊళ్ళో నాంచారమ్మ అని ఒకావిడ పాత చీరలు కలిపి బొంతలు కుట్టుకుని బతికేది. కానీ పిల్లలూ, నేను చెప్పబోయేది ముందుగా ఆవిడ వియ్యపురాలు పేరిందేవమ్మ గురించి.

పేరిందేవమ్మది కొండ దిగువ ఊరు. కలవారి ఇల్లాలు. మాట కరుకు, మనసు మెత్తన. ఆ మెత్తదనం బయటపడితే తన పరువు పోతుందని ఆవిడ భయం. అలాంటివాళ్ళు మీ ఇంట్లోనూ ఒకరు ఉండే ఉంటారు. చూపించకండి, ఊరుకోండి!

ఆవిడ కోడలు, అంటే నాంచారమ్మ కూతురు మాణిక్యం తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అమ్మ చేతి మీదుగా పురుడు పోసుకోవడమంటే ఏ ఆడపిల్లకైనా కొండంత ధైర్యం కదా. అయితే ఆ పుట్టిల్లు అద్దె ఇల్లు. ఒక్కటే గది. గాలికి అడ్డూ ఆపూ లేదు. ఇంటి యజమాని వరహాలశెట్టి ముందే మూడు మాటలు చెప్పి ఇచ్చాడు. "గోడకు మేకు కొట్టకూడదు. తలుపు మార్చకూడదు. కప్పు ముట్టుకోకూడదు." పోనీ మీరే బాగుచేయించండి బాబూ అంటే, "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఆ చూడటం ఎప్పటికీ తెమిలేది కాదు.

పుష్యమాసం వచ్చింది. పేరిందేవమ్మ బండి కట్టించుకుని కోడల్ని చూడటానికి వచ్చింది. అలా చాప మీద కూర్చుందో లేదో, తలుపు కింది నుంచి గాలి జివ్వుమని వచ్చి కాళ్ళు కొరికింది.

"అయ్యో రాత! పిల్లి దూరేంత సందు! ఇదేం ఇల్లు వదినా? బాలింతకు ఈ గాలి సోకితే ఇంకేమైనా ఉందా? పసిగుడ్డు గతేం కాను?"

నాంచారమ్మ తల వంచుకుంది. "తలుపు మార్చనివ్వడు వదినగారూ. నాకు తోచిందేదో చేస్తాను. కాస్త గడువివ్వండి."

"ఇస్తాను. ఇంకో రెండుసార్లు వస్తాను. మూడోసారి కూడా ఈ ఇంట్లో నాకు గాలి తగిలిందా, కోడల్ని బండెక్కించుకుపోతా. తర్వాత నన్నని లాభం లేదు!"

మాణిక్యం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పేరిందేవమ్మ చూసింది. చూసి కూడా చూడనట్టే బండెక్కింది. దారంతా ఆవిడ మనసు పీకుతూనే ఉంది.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. తలుపు తోస్తే ఏదో అడ్డం తగిలింది. తల లోపలికి పెట్టి చూసింది. నేల మీద పొడుగ్గా, లావుగా, మెలి తిరిగి ఉంది.

"బాబోయ్, పాము!" అంటూ వీధి మధ్యకు ఒక్క గంతు వేసింది. ఆ గంతుకు బండి ఎద్దులు కూడా బెదిరాయి. ఏమర్రా, నవ్వుతారేం? మీరైతే ఇంకా దూరం గెంతేవాళ్ళు.

"పాము కాదు వదినగారూ, ఊక," అంది నాంచారమ్మ నవ్వు ఆపుకుంటూ. పాత చీరను పొడుగాటి గొట్టంలా కుట్టి, వడ్లు దంచినచోట పారబోసే ఊక తెచ్చి అందులో కూరింది. దాన్ని తలుపు వారన పడుకోబెట్టింది. మేకు కొట్టలేదు, తలుపు మార్చలేదు. గాలి మాత్రం గడప అవతలే ఆగిపోయింది.

పేరిందేవమ్మ లోపలికి వచ్చి, కిటికీ దగ్గరికి వెళ్ళి అరచేయి పెట్టి చూసింది. చెక్కరెక్కల పగుళ్ళన్నిటికీ గంజిలో ముంచిన గుడ్డపేలికలు అంటించి ఉన్నాయి.

"ఈ పగుళ్ళు సగం కంటికే ఆనవు కదా! ఎలా పట్టుకున్నావు?"

నాంచారమ్మ ప్రమిద వెలిగించి, గోడ పక్కనే మెల్లగా నడిచింది. దీపం నిటారుగా నిలబడి వెలుగుతూ వచ్చింది. ఒక మూలకు రాగానే పక్కకు వాలింది.

"ఇదిగో, ఇక్కడ ఇంకోటి మిగిలింది," అంటూ అక్కడ కూడా ఒక పేలిక అంటించింది. "ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తడి చేస్తే ఊడొస్తాయి. శెట్టిగారి ఇల్లు శెట్టిగారికి పదిలంగా అప్పజెప్పవచ్చు."

ఎంత నేర్పరి! అనుకుంది పేరిందేవమ్మ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. గుటుక్కున మింగేసింది. "కప్పు మీంచి చలి దిగుతోంది. దాని సంగతి చూడు," అనేసి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళి ఊరుకుందా? లేదు. అంత పెద్ద లోగిలి, ఎన్ని కట్టెలు తగలేసినా వెచ్చదనం నిలిచేది కాదు. "వియ్యపురాలు చేసింది నేను చేయించలేనా?" అనుకుంది. కోడలి కోసం ఒక గది ఎంచింది. తలుపు కింద ఊకసంచి, కిటికీలకు గంజిపేలికలు. పైన పొగ పోయే కన్నముంటే అందులో కూడా గుడ్డలు కుక్కించింది. ముందు తానే పడుకుని చూద్దామని, నిండుగా బొగ్గులు పోసిన కుంపటి లోపల పెట్టించుకుని తలుపు బిగించింది.

మొదట హాయిగానే ఉంది. కాసేపటికి తల దిమ్మెక్కింది. కడుపులో తిప్పింది. లేద్దామంటే కాళ్ళు తేలిపోయాయి. పాక్కుంటూ వెళ్ళి, ఎలాగో తలుపు తీసి, గడప మీద బోర్లా పడింది. ఇంట్లోవాళ్ళు పరుగెత్తుకొచ్చి ఏమైందంటే, "ఏం లేదు, అజీర్ణం," అంది. పాడు బొగ్గులని తిట్టి బొగ్గులు మార్పించింది. గది మాత్రం అలాగే ఉంచింది.

మాణిక్యానికి నెలలు నిండాయి. పేరిందేవమ్మ బండిలో పరుపు వేయించుకుని మూడోసారి వచ్చింది. లోపలికి రాగానే నిలబడిపోయింది.

మంచం నాలుగు కోళ్ళకూ కర్రలు కట్టి ఉన్నాయి. వాటి మీద బొంత పరిచి, చుట్టూ చీరలు దించి ఉన్నాయి. కింద మందంగా వరిగడ్డి. ఇంట్లోనే ఇంకో చిన్న ఇల్లు! అందులో కూర్చున్న మాణిక్యం నుదుటి మీద చిరుచెమట. పేరిందేవమ్మ చెయ్యి లోపల పెట్టింది. వెచ్చగా ఉంది.

"ఇల్లంతా వెచ్చబెట్టే స్తోమత నాకు లేదు వదినగారూ," అంది నాంచారమ్మ. "అందుకని పిల్ల ఉన్నంత మేర వెచ్చబెట్టాను. పొద్దున ఎండ రాగానే కిటికీ తీస్తాను, ఎండ వెళ్ళగానే మూసేస్తాను."

అంతలో పేరిందేవమ్మ చెంపకు సన్నగా గాలి తగిలింది. తలెత్తి చూసింది. పొయ్యి పైన, గోడలో, పిడికిలంత కన్నం బార్లా తెరిచి ఉంది.

"దొరికింది!" అంది. "ఇన్ని మూసి దీన్ని మరిచావా వదినా? మాటంటే మాటే. లేవే మాణిక్యం, బండెక్కు."

మాణిక్యం మంచంకోడు గట్టిగా పట్టుకుంది. నాంచారమ్మ మొదటిసారి వియ్యపురాలి కళ్ళలోకి సూటిగా చూసింది.

"మరవలేదు వదినగారూ. కావాలనే వదిలాను. ఇంట్లో నిప్పు ఉంది. అన్నీ మూసుకుని నిప్పు పెట్టుకుంటే, దాని పొగ నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. చలేస్తే ఇంకో బొంత కప్పుతాను. ఊపిరాడకపోతే ఏం కప్పను?"

 పేరిందేవమ్మ గోడకు ఆనుకుని అలాగే కూలబడింది. తాను గడప మీద పడ్డ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. చెప్పకపోతే పరువు నిలుస్తుంది. మాణిక్యం వంకా, ఆ నిండు కడుపు వంకా చూసింది.

"నాది అజీర్ణం కాదే తల్లీ!" అని బావురుమంది. "నా ఇంట్లో ఆ కన్నం మూయించి చావు తప్పి బయటపడ్డాను. అయినా బుద్ధి రాలేదు. నీ బిడ్డను ఆ గదిలోకే తీసుకుపోదామని వచ్చాను వదినా!"

నాంచారమ్మ పక్కన కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. కాసేపటికి పేరిందేవమ్మ కళ్ళు తుడుచుకుని బండివాణ్ణి కేకేసింది. "ఎద్దుల్ని విప్పెయ్యి. ఇంటికి కబురు పంపి, ఆ గది కన్నం ముందు తెరిపించు. పరుపు ఇటు పట్రా, నేనూ ఇక్కడే ఉంటాను."

మాణిక్యం అమ్మ చేతుల్లోనే ఆడపిల్లను కంది. చూడవచ్చిన అమ్మలక్కలందరికీ పేరిందేవమ్మ పాపకంటే ముందు నాంచారమ్మను చూపించి, "మా వదిన! ఈవిడ లేకపోతే నాకు మనవరాలు లేదు," అనేది. ఆ మాట అన్నందుకు ఆవిడ పరువు వీసమెత్తు కూడా తగ్గలేదు.

కాబట్టి పిల్లలూ, దేన్ని మూయాలో తెలియడం నేర్పు, దేన్ని తెరిచి ఉంచాలో తెలియడం వివేకం, ఆ వివేకం ఎదుటివారిలో కనబడితే నోరారా ఒప్పుకోవడమే పెద్దరికం.