ముందు వరుస కుర్చీ

చోడవరంలో టెంట్ హౌస్ నడుపుకునే నూకరాజుకి ఎక్కడికి వెళ్ళినా ముందు వరుసలో కుర్చీ దొరక్కపోతే ప్రాణం ఉసూరుమనేది.

పెళ్ళి అయినా, పెద్దకర్మ అయినా, పార్టీ మీటింగు అయినా ఆయనగారు ముందు వరుసలో ఉండాల్సిందే. కుర్చీలు తనవి, షామియానా తనది, వంటగిన్నెలు కూడా తనవే. అలాంటప్పుడు వెనక కూర్చోవడానికి నాకేం కర్మ అనేవాడు. ఒకసారి ఎవరిదో పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామకని ఉంచిన కుర్చీలో కూర్చుని, ఎంత బతిమాలినా లేవలేదు. ఆ మేనమామ అలిగి, భోజనం కూడా చెయ్యకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. అలాగని నూకరాజు చెడ్డవాడు కాదు. లేనివాళ్ళ ఇంట్లో చావు జరిగితే అడక్కుండానే కుర్చీలు పంపేవాడు. కూతురు చైత్ర అంటే పంచప్రాణాలూ పెట్టేవాడు. ఈ ముందు వరుస పిచ్చి ఒక్కటే ఆయన్ని పట్టుకుని వదిలేది కాదు.

చైత్ర అయిదో తరగతి చదువుతుండేది. కరోనా వచ్చి బళ్ళన్నీ మూసేశారు. పాఠాలన్నీ ఫోన్లలోనే. ఫోను లేని పిల్లల కోసం వాళ్ళ క్లాసు టీచరు ఎస్తేరుగారు ఇల్లిల్లూ తిరిగేవారు. వీధిలో దూరంగా నిలబడి, అరుగు మీద కూర్చున్న పిల్లలకి లెక్కలు చెప్పి, మరో ఇంటికి వెళ్ళేవారు. ఆవిడకి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. గబగబా నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. "మీకెందుకండీ ఈ తిరుగుడు?" అని ఎవరైనా అంటే, "ఇంట్లో కూర్చుంటే నాకు ఇంకా ఆయాసమండీ" అని నవ్వేసేవారు. ముసలి తల్లి తప్ప ఆవిడకి ఇంట్లో ఎవరూ లేరు.

కొన్నాళ్ళకి రోగం తగ్గుముఖం పట్టింది. బళ్ళు తెరిచారు. ఆ బడిలో ఏటా ఒక సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచేవారు. పిల్లలు తాము చేసిన బొమ్మలూ, గీసిన పటాలూ బల్ల మీద పెట్టి, ఒక్కొక్కరే వచ్చి అందరికీ వివరించేవారు. దాన్ని ఓపెన్ డే అనేవారు. కిందటిసారి అది ఫోన్లోనే జరిగింది. సగం మంది పిల్లల మొహాలు కనపడలేదు, మిగతా సగం మంది మాటలు వినపడలేదు. ఈసారి బడిలోనే పెడదామని ఎస్తేరు టీచరుగారే పట్టుబట్టారు. హెడ్మాస్టరు జోగారావుగారు మొదట జంకారు. చుట్టుపక్కల మళ్ళీ జ్వరాలు మొదలయ్యాయని ఆయన వింటూనే ఉన్నారు. చివరికి, జాగ్రత్తలు పాటిస్తేనే అని చెప్పి ఒప్పుకున్నారు.

ఆ జాగ్రత్తలన్నీ నూకరాజుని పిలిపించి మరీ చెప్పారు.

"బడి ఆవరణలో షామియానా వెయ్యి. పై గుడ్డ ఒక్కటే చాలు. పక్కలకి ఏమీ కట్టకు, గాలాడాలి. నేల మీద ముగ్గుతో గుండ్రాలు గీయిస్తాను. గుండ్రానికి ఒక్క కుర్చీ."

"పక్క గుడ్డలు లేకపోతే అదేం షామియానా మాస్టారూ! పశువుల పాకలా ఉంటుంది."

"ఉంటే ఉండనీ."

పక్కనే ఉన్న ఎస్తేరు టీచరుగారు కల్పించుకున్నారు. "ఇంకో మాటండీ. ఒళ్ళు ఏమాత్రం వెచ్చగా ఉన్నా ఎవరూ రావద్దు. అలాంటివాళ్ళు బెంగపడక్కర్లేదు. మర్నాడు నేనే పిల్లని వెంటబెట్టుకుని వాళ్ళింటి ముందుకి వచ్చి, అంతా మళ్ళీ చెప్పిస్తాను. నలుగురికీ ఈ మాట చేరవెయ్యండి. మీరు చెబితే ఊళ్ళో వింటారు."

మీరు చెబితే వింటారు అన్న మాటకి నూకరాజు ఉబ్బిపోయాడు. కనపడిన ప్రతివాడికీ చెప్పాడు. తనకి మాత్రం చెప్పుకోలేదు.

చైత్ర దారపు రీళ్ళతో చెరుకు గానుగ చేసింది. పిడి తిప్పితే రీళ్ళు తిరిగేవి, సన్నటి చెరుకు ముక్క వాటి మధ్య నలిగేది, రసం చుక్కలు చుక్కలుగా కింద గిన్నెలో పడేది. ఇల్లంతా చీమలు. వాళ్ళమ్మ ఈశ్వరి తిట్టుకుంటూనే మురిసిపోయేది.

"నాన్నా, నువ్వు ముందే కూర్చుంటావు కదా? నీ మొహం కనపడితే నాకు భయం వెయ్యదు" అని అడిగింది చైత్ర.

"నేను ముందు కాక ఎక్కడ కూర్చుంటానే పిచ్చిదానా!" అన్నాడు నూకరాజు.

ఓపెన్ డే రోజు మధ్యాహ్నం పనివాళ్ళ చేత షామియానా కట్టిస్తుండగా నూకరాజుకి వణుకు పుట్టింది. కళ్ళు మండాయి. గొంతులో గరగర మొదలైంది. ఎండదెబ్బ అని పైకి అన్నాడు గానీ, అది ఎండదెబ్బ కాదని లోపల అనుమానం పీకుతూనే ఉంది. తలెత్తి చూస్తే షామియానా బోసిగా కనిపించింది. వచ్చినవాళ్ళు నూకరాజు సరుకు ఇంతేనా అనుకోరూ? అంతే, ఎర్రవీ పసుపువీ కుచ్చుల గుడ్డలు తెప్పించి మూడు పక్కలా కట్టించేశాడు.

ఇంటికి రాగానే ఈశ్వరి నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. "అమ్మో, కాలిపోతోంది! మీరు వెళ్ళకండి. టీచరుగారు రేపు మనింటి ముందుకే వచ్చి చెప్పిస్తానన్నారు కదా."

"నా కుర్చీ ఖాళీగా ఉంటే ఊళ్ళో ఏమనుకుంటారు? నూకరాజుకి అంటుకుందని గోల చెయ్యరూ? ఈ పెళ్ళిళ్ళ రోజుల్లో ఇంక మన కుర్చీలు ఒక్కడైనా ముట్టుకుంటాడా? చైత్రా, గ్లాసుడు నీళ్ళు పట్రా!"

చైత్ర నీళ్ళు తెచ్చింది. నూకరాజు జ్వరం బిళ్ళ గుటుక్కున మింగాడు.

"ఏం బిళ్ళ నాన్నా?"

"తలనొప్పికిలే. టీచరుగారితో అనకేం?"

పిల్ల తలూపింది. బిళ్ళ పనిచేసింది. గేటు దగ్గర జోగారావుగారు జ్వరం చూసే మిషను నుదుటికి గురిపెట్టినప్పుడు అందులో జ్వరం కనపడలేదు.

"జ్వరం గానీ, దగ్గు గానీ ఉందా నూకరాజూ?"

"నాకా? గుండ్రాయిలా ఉన్నాను మాస్టారూ!"

చైత్ర గానుగ బొమ్మని గుండెలకి అదుముకుని నేల చూపులు చూసింది.

లోపల గుడ్డలు చూసి జోగారావుగారు నెత్తి కొట్టుకున్నారు. అప్పటికే జనం వచ్చేస్తున్నారు, ఇప్పుడు విప్పితే అల్లరైపోతుందని నూకరాజు నచ్చజెప్పాడు. బల్ల పక్కన, పిల్లలు తడబడితే మాట అందించడానికి వీలుగా, ఎస్తేరు టీచరుగారి కుర్చీ ఉంది. నూకరాజు ముగ్గు గుండ్రంలోంచి తన కుర్చీ లాగి, తీసుకెళ్ళి దాని పక్కనే వేసుకున్నాడు.

"గుండ్రంలోకి జరగండి నూకరాజుగారూ" అన్నారు టీచరుగారు.

"మన కుర్చీలేనమ్మా! ఎక్కడ వేసుకుంటే ఏముంది?"

ఆవిడ మళ్ళీ ఏదో అనబోయారు. ఇంతలో మొదటి పిల్లాడు మాట మర్చిపోయి బిక్కమొహం వేశాడు. ఆవిడ అటు తిరిగిపోయారు.

చైత్ర వంతు వచ్చింది. పిల్ల తండ్రి మొహం చూసింది, గానుగ పిడి తిప్పింది, రసం గిన్నెలో పడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నూకరాజు మాస్కు గడ్డం కిందకి లాగేసి, "శభాష్ నా తల్లీ!" అని అరిచాడు. ఆ అరుపుకి దగ్గు తెర వచ్చి ఆగకుండా దగ్గాడు. షామియానా లోపల ఉక్కపోస్తోంది. టీచరుగారు చేతిలోని అట్టతో విసురుకుంటూ, "ఆ గుడ్డలు కాస్త ఎత్తించండి, గాలాడటం లేదు" అన్నారు.

"అయిపోవచ్చింది కదండీ" అన్నాడు నూకరాజు.

మర్నాడు నూకరాజు మంచం దిగలేకపోయాడు. పరీక్ష చేయిస్తే అదే రోగం. ఈశ్వరి కంగారుపడింది.

"టీచరుగారికి ఫోన్ చెయ్యండి. పక్కనే కూర్చున్నారు, ఆవిడది అసలే ఆయాసం మనిషి."

"చేస్తే ఏమని చెప్పను? జ్వరంతోనే వచ్చానని చెప్పనా? రేపు చూద్దాంలే."

ఆ రేపు మరో రేపు అయింది. ఈశ్వరి రెండుసార్లు ఫోను చేతిలోకి తీసుకుంది. రెండుసార్లూ లాక్కున్నాడు. అక్కడ ఎస్తేరు టీచరుగారికి ఆయాసం ఎక్కువైంది. గేటు దగ్గర అందరికీ జ్వరం చూశారు కదా, అందరూ బాగానే ఉన్నారు కదా అని ఆవిడ ధైర్యం. ఇది ఎప్పుడూ ఉండే ఉబ్బసమే అనుకుని, పీల్చే మందు పీల్చుకుంటూ ఇంట్లోనే ఉండిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి పెదాలు నల్లబడ్డాయి. "కాస్త ముందు తీసుకొచ్చి ఉండాల్సింది" అన్నాడు డాక్టరు. ఆవిడ మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ రోజు ముందు కూర్చున్నవాళ్ళలో చాలామంది మంచం పట్టారు. వాళ్ళంతా లేచి తిరిగారు, ఆవిడ ఒక్కరే పోయారు. ఎంత అన్యాయం! ఊరి పిల్లలందరి గడపల ముందూ నిలబడిన మనిషిని చివరిచూపు చూడటానికి ఆ పిల్లల్లో ఒక్కరినైనా వెళ్ళనివ్వలేదు.

నూకరాజుకి నయమైంది. ఒకరోజు జోగారావుగారు ఫోన్ చేశారు. "టీచరుగారి సంతాప సభ పెడుతున్నాం. షామియానా, కుర్చీలు కావాలి." ఫోన్ పెట్టేస్తూ, "ఈసారైనా పక్కలు వదిలెయ్యవయ్యా" అన్నారు.

నూకరాజు పెరట్లో కుర్చీలు కడుగుతున్నాడు. చైత్ర వచ్చి గుమ్మంలో నిలబడింది. టీచరుగారు పోయిన దగ్గర్నుంచీ ఆ పిల్ల సరిగ్గా తినడం లేదు. గానుగ బొమ్మని తీసుకెళ్ళి చెత్తలో పడేసింది. ఎవరడిగినా మాట్లాడేది కాదు.

"నాన్నా, ఆ రోజు నేను నీళ్ళు తేకపోతే నువ్వు బిళ్ళ వేసుకునేవాడివి కాదు కదా?"

నూకరాజు చేతిలోని గుడ్డ జారిపోయింది.

"నువ్వు ముందు కూర్చోవాలని అడిగింది కూడా నేనే కదా? టీచరుగారికి చెప్పొద్దంటే చెప్పలేదు. నా వల్లే చచ్చిపోయారు కదా నాన్నా?"

"ఛ ఛ, అవేం మాటలమ్మా! నీ తప్పేం లేదు."

"మరి ఎవరిది?"

నూకరాజు కిందపడిన గుడ్డ తీసి మళ్ళీ కుర్చీ తుడవసాగాడు. పిల్ల కాసేపు చూసి, లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది. తన కడుపున పుట్టిన పిల్ల తన పాపాన్ని నెత్తిన పెట్టుకుని తిరుగుతోందని అప్పుడు అర్థమైంది నూకరాజుకి. కడిగిన కుర్చీల మధ్య కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

సభ రోజు షామియానాకి పక్క గుడ్డలు లేవు. కుర్చీలన్నీ గుండ్రాల్లోనే ఉన్నాయి. బల్ల మీద ఎస్తేరు టీచరుగారి ఫొటో, బల్ల పక్కన కుర్చీలో ఆవిడ తల్లి. అలవాటు కొద్దీ ఎవరో, "రండి నూకరాజుగారూ, ముందుకి రండి" అని పిలిచారు. నూకరాజు కూర్చోలేదు. చైత్ర చెయ్యి పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. అన్నీ చెప్పాడు. జ్వరం సంగతి, బిళ్ళ సంగతి, ఫోను లాక్కున్న సంగతి, ఏదీ మిగల్చలేదు.

"ఈ పిల్ల తన వల్లే అనుకుంటోంది. దీనికేం తెలీదు. నోరు మూయించింది నేను. టీచరుగారిని చంపింది నేను" అన్నాడు.

సభలో గొడవ మొదలైంది. ఒకాయన కుర్చీని కాలితో తన్ని లేచాడు. "సిగ్గు లేదటయ్యా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. జోగారావుగారు మొహం తిప్పుకున్నారు.

ముసలావిడ ఒక్కత్తే అరవలేదు.

"ఒంట్లో బాగాలేదని ఒక్క మాట చెబితే, మా అమ్మాయి మర్నాడు మీ ఇంటి ముందుకే వచ్చేది కదయ్యా" అంది.

నూకరాజు ఆవిడ కాళ్ళ మీద పడబోయాడు. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకుంది. చైత్రని మాత్రం దగ్గరికి పిలిచి, తల మీద చెయ్యి వేసింది. ఆ సాయంత్రం చైత్ర చాలా రోజుల తర్వాత అన్నం తింది. ఇక తండ్రితో మునుపటిలా మాట్లాడటానికి కొన్నేళ్ళు పట్టింది.

నూకరాజు ఇప్పటికీ షామియానాలు వేస్తాడు. ఎవరెంత అడిగినా పక్క గుడ్డలు కట్టడు. కుర్చీలన్నీ వేశాక, అందరికంటే వెనక, షామియానా బయట నిలబడతాడు. కూర్చోమని పిలిచేవాళ్ళు కూడా లేరు.

ఉన్న నిజం ఒప్పుకుంటే పోయేది మన గొప్ప ఒక్కటే, దాన్ని దాచిపెడితే పోయేది ఎదుటివాళ్ళ ప్రాణం కావచ్చు. అందుకని పిల్లలూ, నలుగురిలో చిన్నబోతామని ఎన్నడూ నిజం దాచకండి.