రాజుగారి చేతి తాంబూలం

ఒకానొక రాజ్యంలో అందరికంటే అలసిపోయిన మనిషి ఎవరయ్యా అంటే, నాగలి పట్టిన రైతూ కాదు, రాళ్లు మోసే కూలీ కాదు. నవ్వించడమే కొలువుగా దొరికిన మాచన. పొద్దున లేస్తే రాజుగారికి చమత్కారం కావాలి. మధ్యాహ్నం రాణిగారికి పొడుపుకథ కావాలి. పొద్దుగూకితే మంత్రిగారికి కబుర్లు కావాలి. "ఈ బతుకు కంటే గాడిదలు కాసుకోవడం నయం" అని భార్య దగ్గర వాపోతే, "అవి మాత్రం మీ మాట వింటాయా?" అనేది ఆవిడ.

ఆ రాజు పేరు ఉద్దండవర్మ. మనిషి మంచివాడే గాని, తనంత ఘటికుడు భూమ్మీద పుట్టలేదని ఆయన నమ్మకం. ఒకేసారి పది పనులు చక్కబెడతానని గొప్ప. తాను చేసేది అందరూ చేయాలని పట్టు. ఆ పట్టుతోనే వంటశాలలో మనుషులందరినీ పంపేసి, ఒక్క సోమిభట్టును మిగిల్చాడు. వంటా అతడిదే, వడ్డనా అతడిదే, సరుకుల కొట్టూ అతడిదే. చివరికి ఏనుగులకు అన్నం ముద్దలు కట్టే పని కూడా అతడి నెత్తినే పడింది.

ఇలా ఉండగా పొరుగు రాజు విందుకు వచ్చాడు. సోమిభట్టు పప్పులో ఉప్పు వేశాడు. ఇంతలో ముద్దలేవని మావటి కేకేశాడు. అటు పరుగెత్తి వచ్చేసరికి, ఉప్పు వేశాడో లేదో గుర్తు లేదు. మళ్లీ వేశాడు. పొరుగు రాజు మొదటి ముద్దకు మంచినీళ్లు అడిగి, రెండో ముద్దకు మర్యాదగా చెయ్యి కడుక్కున్నాడు.

ఉద్దండవర్మకు తల కొట్టేసినట్టయింది. "చుట్టం ముందు నా పరువు తీశాడు! రేపు కొలువులో నా నోటితో నేనే శిక్ష చెబుతాను. పెళ్లాం పిల్లలతో సహా పొలిమేర దాటిపోవాలి" అని గర్జించాడు.

సాయంత్రం సోమిభట్టు మాచన అరుగు మీద కూలబడ్డాడు.

"మా నాయన కాలం నుంచీ ఆ పొయ్యే మాకు దిక్కు. చంటిపిల్లల్ని వేసుకుని ఎక్కడికి పోను, మాచనగారూ? ఉప్పు వేసిన చెయ్యి నాదే, వెయ్యలేదనుకున్న బుర్రా నాదే. ఎవర్ని అనేది?"

మాచన అతడి పక్కనే చతికిలబడ్డాడు. ఉపాయం కోసం చూశాడు. ఏమీ తట్టలేదు. "ఏం చెయ్యనయ్యా! నీ బుర్రా నా బుర్రా ఒకే రోట్లో నలిగిపోయాయి. ఆ రోకలి పోటు ఒక్కటైనా రాజుగారికి తగిలితే గదా తెలిసేది!" అని నిట్టూర్చాడు. నిట్టూర్చినవాడే, ఏదో తట్టి నిటారుగా కూర్చున్నాడు.

ఉద్దండవర్మకు ఒక అలవాటుంది. కొలువు మొదలయ్యే ముందు తాంబూలం తానే చుట్టుకుంటాడు. ఇంకొకరిని ముట్టుకోనివ్వడు. "ఆకుకు సున్నం రాయడం ఒక విద్య. కళ్లు మూసుకున్నా నా వేలికి కొలత తప్పదు" అనేవాడు. అది నిజమే, ఏనాడూ తప్పలేదు.

మరునాడు పొరుగు రాజు కూడా సభలో కూర్చున్నాడు. సోమిభట్టు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రాజు ఆకు చేతిలోకి తీసుకోగానే మాచన లేచాడు.

"ప్రభూ, పని ఎక్కువై మతి తప్పిందని సోమిభట్టు అంటున్నాడు."

"పని ఎక్కువైతే మతి తప్పుతుందా? నాకెప్పుడైనా తప్పిందా?"

"నేనూ అదే అన్నాను. ఏలినవారు తాంబూలం చుడుతూనే రాజ్యమంతా నడపగలరన్నాను. నమ్మడం లేదు. ఒక్కసారి చూపిస్తే సరిపోతుంది."

రాజు మీసం దువ్వాడు. "అడగండి! ఎవరికేం కావాలో అందరూ ఒక్కసారే అడగండి!"

ఇంకేం, సభ మీద పడింది. పడమటి కోటకు ఏ దళాన్ని పంపాలని సేనాపతి, రాకుమారి పెళ్లికి ఏ ముహూర్తమని జ్యోతిష్కుడు, కాలవ నీళ్లు ఎవరివని ఇద్దరు రైతులు, పట్టుచీర ఏ రంగని రాణిగారి దాసి. "త్వరగా ప్రభూ, అతిథిగారు చూస్తున్నారు" అని మధ్యలో మాచన. రాజు గుర్రపు దళాన్ని పెళ్లికి పంపి, మేళగాళ్లను కోటకు పంపి, నాలుక కరుచుకుని సర్దుకున్నాడు. కళ్లు మనుషుల మీదే ఉన్నాయి. వేలు సున్నపు భరిణెలోకి వెళ్లి ఆకు మీదికి వచ్చింది. కాసేపటికి మళ్లీ వెళ్లి వచ్చింది. మాచనకు అయ్యో పాపం అనిపించింది. చెప్పేద్దామనుకుని, సోమిభట్టు ముఖం చూసి ఊరుకున్నాడు.

రాజు తాంబూలం నోట్లో వేసుకుని దర్జాగా నమిలాడు. "చూశారా! ఇక వీడికి శి... శి..."

ఆ పైన మాట రాలేదు. నోరు భగ్గుమంది. కళ్ల వెంట నీళ్లు కారాయి. ఉమ్మేసి నాలుక బయటపెట్టి విసురుకున్నాడు.

మాచన నెమ్మదిగా అడిగాడు. "ప్రభూ, ఆ ఆకుకు సున్నం రాసింది ఎవరు? వాణ్ణి కూడా పొలిమేర దాటించమంటారా?"

మాచన తన మెడ ఓసారి తడుముకున్నాడు. సోమిభట్టు మాత్రం వంటశాలకు పరుగెత్తి వెన్నముద్ద తెచ్చి రాజు ముందు పెట్టాడు. రాజు వెన్న నోట్లో పెట్టుకుని, తెల్లబడిన తన వేలి కేసి చాలాసేపు చూసుకున్నాడు.

"రెండోసారి రాసినట్టు నాకు తెలియనే లేదోయ్" అన్నాడు చివరికి.

"అతనికీ తెలియలేదు, ప్రభూ."

రాజు పకాలున నవ్వాడు. నోరు మండి "అబ్బా" అన్నాడు, మళ్లీ నవ్వాడు. శిక్ష రద్దయింది. వంటశాల మనుషులందరినీ ఆ పూటే వెనక్కి పిలిపించమన్నాడు. మెడలోని ముత్యాల హారం తీసి మాచన మెడలో వేసి, "ఇంకేం కావాలో కోరుకో" అన్నాడు.

"నాలుగు రోజులు సెలవు ఇప్పించండి. నన్నెవరూ ఏమీ అడగకూడదు."

"ఇచ్చాం! అయితే వెళ్లేముందు ఒక్క చిన్న చమత్కా..." అని, రాజు తన నోరు తానే చేత్తో మూసుకున్నాడు.

మాచన దండం పెట్టి ఇంటిదారి పట్టాడు. దారిలో నవ్వొచ్చింది గాని, నవ్వే ఓపిక లేక, నిద్ర లేచాక నవ్వుదామని దాచుకున్నాడు.