అచ్చియ్యమ్మ చింతపిక్క

అనగా అనగా, సైకిల్ని చూస్తే కుక్కలు తోక ముడుచుకుని పరిగెత్తే రోజుల్లో, ఒక ఏరు. ఏటి పక్కన ఒక రోడ్డు. రోడ్డు మొదట్లో ఒక పాక. పాకలో అచ్చియ్యమ్మ. ఊఁ కొట్టండి మరి, నేనొక్కదాన్నే వాగుతూ కూచోవాలా?

ఆ రోడ్డు వేయించింది ఒక పరాసు దొర, అంటే ఫ్రెంచివాడు. వాళ్ళ దేశంలోనూ ఇలాగే ఏళ్ళూ, లోయలూ, మనిషి అలికిడి లేని దారులూ ఉంటాయట. పొద్దున్నే సైకిలెక్కి సాయంత్రందాకా ఏటి వెంబడి తొక్కుకుంటూ పోతారట, పనీ పాటా లేకుండా! ఇక్కడికొచ్చాక ఆయన కాళ్ళు ఊరుకోలేదు. ఏరు వచ్చే దారి పట్టుకుని, కింద మన రేవుపాడు నుంచి పైన కొండసంతదాకా కంకర రోడ్డు వేయించాడు. ఊళ్ళో మగాళ్ళందరికీ సైకిల్ నేర్పాడు. ఆనక ఓడెక్కి పోయాడు. రోడ్డు మిగిలింది. సైకిళ్ళు మిగిలాయి. సైకిళ్ళకి గాలి కొట్టే అచ్చియ్యమ్మ మిగిలింది.

అచ్చియ్యమ్మకి నా అన్నవాళ్ళు లేరు. ఒక నీళ్ళ తొట్టి, ఒక గాలిపంపు, గుట్టెడు పాత ట్యూబులు, అంతే. ట్యూబుని నీళ్ళలో ముంచి, బుడగ ఎక్కడొస్తుందో చూసి, రబ్బరు ముక్క అంటించేది. అలా ఊరందరి సైకిళ్ళూ బాగుచేసిందే గానీ, తను మాత్రం ఒక్కనాడూ సైకిలెక్కలేదు. "అమ్మో, నాకు భయం బాబూ" అనేది.

ఆవిడకి అన్నీ భయాలే. ఆ రోడ్డులో మూడు చెడ్డ చోట్లున్నాయి. మొదటిది పాము మలుపు. రెండోది వాగు దాటు, అక్కడ రోడ్డు మీంచే వాగు పారుతుంది. మూడోది జారుడు బండ, పక్కకి జరిగితే ఏరే. పొద్దున సైకిళ్ళు పైకెళ్తుంటే ఆవిడ గుండె పీచుపీచుమనేది. అందుకని గుమ్మంలో ఒక ముంత పెట్టుకుంది. ఒక సైకిలు పైకెళ్తే ముంతలో ఒక చింతపిక్క. ఆ సైకిలు దిగొస్తే పిక్క బయటికి. సాయంత్రానికి ముంత ఖాళీ అయితేనే పొయ్యి వెలిగించేది.

"పిక్క వేశాను నాయనా, వచ్చి తీయించుకో" అనేది పోయేవాళ్ళతో.

"నీకెందుకత్తా ఈ గోల?" అంటే ఒకటే మాట.

"వెళ్ళినవాళ్ళు రావాలి కదా నాయనా!"

అందరిలోకీ ఎక్కువ నవ్వింది గవర్రాజు. కొండసంత నుంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు తెచ్చేవాడు. మంచివాడే, నోరే కాస్త తిన్నగా ఉండదు. ఉన్నమాట చెప్పాలి కదా, ఈ కథంతా వాడి వెధవ సరదా వల్లే వచ్చింది.

ఒకనాడు ఏం చేశాడు? సంత నుంచి సైకిల్తో సహా పడవెక్కేసి, రేవులో దిగి, ఇంట్లో కూచుని సుబ్బరంగా అన్నం తిన్నాడు. ముంతలో వాడి పిక్క ఉండిపోయింది. అచ్చియ్యమ్మ పాము మలుపుదాకా నడిచి, "గవర్రాజూ! ఒరే గవర్రాజూ!" అని గొంతు పోయేదాకా అరిచి, కంకర గుచ్చుకున్న కాళ్ళతో తిరిగొచ్చింది. వాడు పాక ముందు నిలబడి పళ్ళికిలించాడు.

"పిక్కని వేయించుకు తినెయ్ అత్తా, కమ్మగా ఉంటుంది."

ఆవిడ తిట్టలేదు. "వచ్చావు, అంతే చాలు" అని పిక్క తీసేసింది. ఆ తిట్టకపోవడమే వాడికి అలుసైపోయింది.

ఇంకోనాడు వాడు పాక వెనకే నక్కి కూచున్నాడు. ఈసారి అచ్చియ్యమ్మ ఊరంతా తిరిగి మగాళ్ళని లేపింది. పదిమంది చేతిలో అన్నం వదిలేసి వాగు దాటుదాకా వెళ్ళొచ్చారు. వచ్చేసరికి గవర్రాజు పాకలో ఆవిడ పంపు పట్టుకుని ఈలలు వేస్తున్నాడు. మరి జనం ఎవర్ని తిట్టారనుకున్నారు? వాణ్ణా? ఆవిణ్ణి! "ఇదిగో అచ్చియ్యమ్మా, ఇక నీ పిక్కా వద్దు, నీ పిలుపూ వద్దు. ఈసారి పిలిస్తే మేం రాం" అని మొహం మీదే చెప్పేశారు. గవర్రాజుకి మనసులో ఎక్కడో చురుక్కుమంది. కానీ అందరూ నవ్వుతున్నారని తనూ నవ్వేశాడు.

మూడోసారి జరిగింది వానాకాలంలో.

గవర్రాజు సైకిల్కి బ్రేకు సరిగ్గా పడటం లేదు. "వేయించుకో నాయనా, చిటికెలో పని" అంది అచ్చియ్యమ్మ. "వచ్చాక చూద్దాంలే" అన్నాడు. ఆవిడ పిక్క వేసింది. వాడు వెళ్ళాడు. సంతలో కట్టలు కట్టుకుని, మిట్టమధ్యాహ్నం తిరుగు దారి పట్టాడు. జారుడు బండ దగ్గర బ్రేకు నొక్కాడు. పడలేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. తీగ తెగింది. సైకిలు ఏట్లో పడింది, కట్టలు ఏట్లో పడ్డాయి, వాడు మాత్రం కింద ఒక రాతి అరుగు మీద పడ్డాడు. ఎడంకాలు మోకాలి కింద విరిగింది. రోడ్డు నెత్తిన రెండు నిలువుల ఎత్తున ఉంది. కింద ఏరు ఉరుముతోంది.

పైన ఒక సైకిలు గంట వినిపించింది. "ఒరేయ్, నేనిక్కడున్నాను!" అని అరిచాడు. ఏటి హోరులో కలిసిపోయింది. గంట దూరమైపోయింది. కాసేపటికి ఇంకో గంట. మళ్ళీ అరిచాడు. అదీ పోయింది. మూడో గంటా అలాగే పోయింది. నీళ్ళు అప్పటికి అరుగు అంచు తాకుతున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది వాడికి, ముంతలో తన పిక్క. సాయంత్రమయ్యేసరికి ఆవిడ ముంత చూస్తుంది. చూసి ఏమనుకుంటుంది? వెధవ, మళ్ళీ వేళాకోళమాడుతున్నాడు అనుకుంటుంది. అనుకోదా మరి? ఊళ్ళో ఎవరైనా కదులుతారా? కదలరు. అలా చేసింది ఎవరు? తనే. వాడికి ఏడుపొచ్చింది. నీళ్ళు అరుగెక్కాయి. మడమలు తడిశాయి. వాన చినుకులు మొదలయ్యాయి.

"గవర్రాజూ! ఒరే గవర్రాజూ!"

మొదట వాడు నమ్మలేదు. రెండోసారి పిలుపు దగ్గరైంది. మూడోసారి రోడ్డు అంచున నెరిసిన తల కనిపించింది.

"అత్తా! ఒక్కదానివే వచ్చావా?"

"వాన కమ్ముకొస్తోందని పొద్దు వాలకముందే పిలిచాను నాయనా, ఎవరూ రాలేదు."

"నేను మళ్ళీ వేళాకోళమాడుతున్నానని అనుకోలేదా నువ్వు?"

"అనుకున్నాను. అయినా వెళ్ళినవాళ్ళు రావాలి కదా!"

ఎవరో బాగుచెయ్యమని ఇచ్చిన సైకిల్ని అంత దూరమూ నడిపించుకుంటూ తెచ్చింది ఆవిడ. దాని వెనక పాత ట్యూబుల మోపు. మూడేసి ట్యూబులు జడలా అల్లి, ఒక కొస చెట్టు మొదలుకి కట్టి, రెండో కొస కిందికి వదిలింది. వాడు దాన్ని చంకల కింద బిగించుకుని, చేతులతో రాయి పట్టుకుని పాకాడు. పైనుంచి ఆవిడ లాగింది. ఆ ఎండిపోయిన చేతుల్లో అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! పైకొచ్చాక వాడు ఆవిడ కాళ్ళు పట్టుకున్నాడు.

"చాల్లే, లే. వాన ముదురుతోంది" అని వాడి కాలికి రెండు కర్రముక్కలు పెట్టి, ట్యూబుతో చుట్టి, సైకిలెక్కించింది. "ఊరిదాకా అంతా దిగుడే. తొక్కక్కర్లేదు. దీని బ్రేకు నేను వేసిందే, భయపడకు."

"నువ్వూ వెనకాల ఎక్కత్తా. కూచుంటే చాలు, నేను తీసుకెళ్తాను."

అచ్చియ్యమ్మ ఆ సైకిలు వైపు చూసింది. ఒక అడుగు వెనక్కేసింది.

"అమ్మో, నాకు భయం బాబూ. నువ్వు పద. నేను నీ వెనకే నడిచొచ్చేస్తాను. నీ పిక్క నువ్వే తీసుకో."

వాడు బతిమాలాడు. ఆవిడ ఎక్కలేదు. కాలు సలుపుతుంటే ఇక ఆగలేక కదిలాడు. వాగు దాటు దగ్గర నీళ్ళు చీలమండ లోతే ఉన్నాయి. పాము మలుపు తిరిగాక వెనక కొండల్లో ఆకాశం చిల్లు పడ్డట్టు వాన. వాడి గుండె పీచుపీచుమంది. అంతకు ముందెప్పుడూ వాడి గుండె ఇంకొకరి కోసం అలా కొట్టుకోలేదు.

పొద్దు వాలేవేళకి పాక ముందు దిగాడు. పాకుతూ వెళ్ళి ముంతలో చెయ్యి పెట్టాడు. తన పిక్క తీశాడు. అడుగున ఇంకోటి తగిలింది.

ఇదెవరిది?

వాడు గట్టిగా అరిచాడు. జనం వచ్చారు. ఆ వేళ సంతకెళ్ళినవాళ్ళు ఎవరెవరు? నేనొచ్చాను. నేనూ వచ్చాను. మా తమ్ముడూ వచ్చాడు. అందరూ వచ్చారు. అప్పుడు తెలిసింది వాడికి. పైకెళ్ళే ఎవరికైనా పిక్క వెయ్యాలి కదా. పాకలోంచి బయల్దేరుతూ ఆ పిచ్చి తల్లి తనకీ ఒకటి వేసుకుంది.

"అత్త రాలేదు, రండి!" అన్నాడు.

"మళ్ళీ మొదలెట్టావా?" అన్నారు.

"నా మీదొట్టు, అత్త రాలేదు!"

"నీ ఒట్లు ఏట్లో కలపనూ!" అని నవ్వారు.

 మూడోసారి వాడు కాలికి చుట్టిన ట్యూబు విప్పి చూపించాడు. చర్మంలోంచి పొడుచుకొచ్చిన ఎముక చూసి నవ్వులన్నీ ఆగిపోయాయి. సైకిళ్ళు కదిలాయి. మంచం మీద ఇంటికి మోస్తామన్నా వినకుండా, గవర్రాజు ఒకడి సైకిలు వెనక కూచుని తనూ వెళ్ళాడు.

వాగు దాటు దగ్గర రోడ్డు లేదు. మనిషి లోతున ఎర్రనీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. దిగువన ముళ్ళపొదకి ఏదో వేలాడుతోంది. తీసి చూస్తే జడలా అల్లిన ట్యూబులు. అచ్చియ్యమ్మ దొరకలేదు. మూడు రోజులు ఏరంతా గాలించారు, దొరకలేదు. గవర్రాజు వాగు ఒడ్డున కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నన్ను వెతకడానికి వచ్చింది. నేను ఆగి ఉంటే, చెయ్యి పట్టుకుని ఉంటే" అని ఒకటే మాట.

కాలు అతికాక వాడు మళ్ళీ సైకిలు మీద సంతకి వెళ్ళలేదు. పాకలో కూచుని గాలి కొట్టాడు. ట్యూబు నీళ్ళలో ముంచి బుడగ చూశాడు. ముంతలో పిక్కలు వేశాడు, తీశాడు. ఆ ఒక్క పిక్క మాత్రం తియ్యలేదు. "పోయిన మనిషిది ఎందుకురా ఇంకా, తీసెయ్" అని పెద్దలు చెప్పారు. వాడు ముంతని ఒళ్ళో పెట్టుకుని, "వెళ్ళినవాళ్ళు రావాలి కదా" అన్నాడు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

గవర్రాజూ పోయాడు. ఆ పాక ఎన్నిసార్లు కూలిందో, ఎన్నిసార్లు మళ్ళీ కప్పారో. ముంత మాత్రం గుమ్మంలోనే ఉంది. ఇప్పటికీ ఆ రోడ్డెక్కేవాళ్ళు సైకిలు దిగి ముంతలో ఒక పిక్క వేసి వెళ్తారు, వచ్చాక తీసుకుంటారు. కొత్త పెళ్ళికూతురు కాపురానికి వెళ్తున్నా, ఎవరైనా దూరం పోతున్నా, ఆ లోయలో ఆడవాళ్ళు క్షేమంగా వెళ్ళి రమ్మని అనరు. "వచ్చి పిక్క తీసుకో" అంటారు.

ఇక పొద్దు వాలేవేళకి ఊళ్ళోంచి ఎవరో ఒకరు వెళ్ళి ముంతలో చెయ్యి పెట్టి చూస్తారు. ఒక్క పిక్క ఉంటే, అది అచ్చియ్యమ్మది. ఇంటికొచ్చి అన్నాలు తింటారు. రెండుంటే మాత్రం, రేవుపాడులో ఒక్క పొయ్యీ వెలగదు. నవ్వేవాడూ ఉండడు. పిలవకుండానే ఊరంతా లేచి రోడ్డెక్కుతుంది.