పైన కోళ్ళు, కింద కుందేళ్ళు

ఆ గూడు కుందేళ్ళ కోసం కట్టలేదన్న సంగతి పైడితల్లి ఎవరితోనూ అనలేదు.

వెట్టికి రానన్నందుకు దొర ఆమె మొగుడు అసిరయ్యను గుర్రాలసాల కింది నేలమాళిగలో వేయించాడు. సాల మురుగంతా ఖైదీల నెత్తినే కారేది. "అక్కడ ఎవరికీ ఏ జబ్బూ రాదు" అని తనిఖీకొచ్చిన రాజుగారి అధికారితో దొర నలుగురిలో చెప్పాడు.

ఆ అధికారి రాజుగారి కానుకగా కుందేళ్ళను తెచ్చాడు. వాటికీ కోళ్ళకీ కలిపి పెరట్లో ఒకే గూడు కట్టమని, ఊళ్ళో గూళ్ళు కట్టే పైడితల్లిని దొర పిలిపించాడు. ఆమె పైన కోళ్ళు వాలే కర్రలు, కింద కుందేళ్ళకు చోటు పెట్టి, మధ్య ఏ అడ్డూ లేకుండా కట్టింది.

అధికారితో చూడవచ్చిన దొర మండిపడ్డాడు. "బుద్ధుందా నీకు? రెట్టంతా మీదపడితే కుందేళ్ళు రోగమొచ్చి చావవూ?"

"గుర్రాల కింద మనుషులకే ఏమీ కాదన్నారు కదా దొరా. ఆ లెక్కనే కట్టాను."

అధికారి దొరకేసి చూశాడు. దొర గొంతు తగ్గించాడు. "నీ మొగుణ్ణి తీసుకుపో. అడ్డుపలక వెయ్యి."

"పలక కోసే ఉంచాను దొరా. కింద ఉన్న జనమంతా పైకొచ్చాక వేస్తాను."

ఒక్కొక్కరే వచ్చారు, వెలుతురుకి కళ్ళు మూసుకుంటూ. చివర అసిరయ్యను మోసుకొచ్చారు. ఊపిరి ఉంది గానీ కాళ్ళు నిలవడం లేదు. పైడితల్లి ఆ పలక మీదే అతన్ని పడుకోబెట్టి పైకెత్తించింది.

"మరి గూటికో?" అన్నాడు దొర.

"రేపు ఇంకోటి కోస్తాను. ఒక్క రాత్రికి కుందేళ్ళకేం కాదులెండి దొరా."